స్టీలు గ్లాసు సప్పుడు

మా మీది పోర్షన్‌ల కిరాయికుండే ప్రిస్కిల్లా మేడంకు జర తిక్క ఉన్నదని మొదట్ల నేను అనుకున్న. అనుకోకుంట ఎట్లుంటరు? పొద్దుగాల లేస్తె మందంత ఏం జేస్తరు? వాకిలి ఊడుస్తరు, చాయ్ తాగుతరు, దేవునికి దండం పెడ్తరు. గీమె కిటికీ కాడ నిలబడి, నిన్నటి పేపర్ పట్కోని, ఒక్కొక్క మాటను నమిలి నమిలి పైకి చదువుతది. ఇనేటోళ్లు ఎవ్వరుండరు. గొంతన్న మంచిగుంటదా అంటె అదీ లేదు, తుప్పు పట్టిన గేటు తీసినట్టు గరగర. నేను చీపురు తిరగేసి, కట్టెతోని పైకప్పును టకటక కొడ్తుంటి. కొడితె గొంతు తగ్గించేది గని చదువుడు ఆపకపోయేది.

ఆమె మాదాపూర్‌ల ఒక కాలేజీల లెక్చరర్. ఏం పాఠం చెప్తవు మేడం అని అడిగితె "కమ్యూనికేషన్ అండి" అన్నది. గదేంది అంటె "ఎదుటివాళ్లతో ఎలా మాట్లాడాలో, వాళ్ల మాట ఎలా వినాలో చెబుతానండి" అన్నది. నాకు నవ్వొచ్చింది. మాట్లాడనీకె, ఇననీకె గూడ కాలేజీనా? గా లెక్కన మా మణికొండల నోరున్న ప్రతి ఆడిది ప్రొఫెసరే.

కని ఆమె చెవులు మాత్రం మామూలు చెవులు గావు. ఒక దినం మెట్లు దిగుకుంట ఆగి, "బుచ్చమ్మగారూ, మీ రోలుకు ఏమైనా అయిందా? చప్పుడు నిన్నటిలా లేదు" అన్నది. ఏం గాలే, నువ్వు పో అన్న. ఆమె పోయినంక రోలు తిప్పి చూస్తె కింద సన్నగ పగులు. గప్పటిసంది నాకు ఆమె అంటె జర భయమే. ఇంట్ల ఏం గుసగుసలాడినా ఇంటదేమో అని.

నా సంగతి గూడ చెప్పాలె. మా ఆయన ఐలయ్య పోయి చానేండ్లాయె. మాకు హైటెక్ సిటీ దిక్కు చెల్క ఉండె, జొన్నలు పండిస్తుంటిమి. రోడ్లొచ్చినయి, చెల్క పోయింది, వచ్చిన దాంతోని గీ ఇల్లు లేసింది. మా చెల్క జాగల ఇప్పుడు అద్దాల బిల్డింగ్ ఉన్నది. లోపలికి పోవాలంటె మెడల కార్డు ఉండాలె. నేను ఒకపారి గేటు కాడికి పోయి, గీడ మా బాయి ఉండె బిడ్డా అని చెప్తె, సెక్యూరిటీ పోరడు పక్కకు జరుగుమన్నడు. నా జాగల నన్నే జరుగుమన్నడు.

అందుకె మా ఓంకార్‌కు గదే బిల్డింగ్‌ల నౌకరి వచ్చిందని తెల్సిన దినం నేను కూసోని ఏడ్చిన. నాకు ఒక్కడే కొడుకు. ఇంజనీరింగ్ చదివిండు, గదే కంపెనీ ఏరుకున్నది. దసరా ఎల్లినంక చేరాలె. వాళ్ల అయ్య నాగలి పట్టిన జాగల కొడుకు మెడల కార్డు ఏసుకోని తిరుగుతడు గదా, ఇగ నాకేం గావాలె అనుకున్న.

గా దినాల్ల సకల జనుల సమ్మె నడుస్తున్నది. బస్సులు బంద్, బళ్లు బంద్, కరెంటు ఎప్పుడు పోతదో తెల్వది. మా గల్లీల ప్రతి ఇంటి మీద జెండానే. పక్కింటి యాదమ్మ రోజుకోపారి గోడ మీదికెళ్లి తల పెట్టి, "మనం తెలంగాణ తెలంగాణ అని కొట్లాడుతుంటె నువ్వు గుంటూరు దిక్కామెను నెత్తి మీద పెట్టుకున్నవేందే బుచ్చమ్మా?" అనేది. నాకు మండింది. "నెత్తి నాది, ఇల్లు నాది. నీకేం నొప్పే?" అన్న. మేడం మీదికెళ్లి ఇన్నదో ఏమో. ఆదివారం తెల్లచీర కట్టుకోని చర్చికి పోయింది, వచ్చింది, గంతే.

మాదాపూర్ రోడ్డు మీద వంటావార్పు పెట్టిన్రు. అంటె రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి, వండుకోని, అందరు కలిసి తినుడు. ఉద్యమంల గది ఒక పద్ధతి. కొట్టుడు లేదు, తిట్టుడు లేదు, రోడ్డును వంటింటి లెక్క చేసుడు. నేను గూడ పెద్ద గంజుల పప్పు వండి పంపిన. ఓంకార్ పోయి పొద్దుందాక ఆడనే ఉండి, ఎండల నల్లగై ఇంటికొచ్చి, తిని పండుకున్నడు.

గా సాయంత్రమే టీవీల చూపెట్టిన్రు. ఆ టీవీ పేరు నేను చెప్ప, దాని మొకం మండ. మా ఓంకార్ చెయ్యి పైకి లేపి ఏదో ఇసిరిండు. ఇసురుడుతోనే ఫళ్లుమని అద్దం పలిగిన సప్పుడు. ఎంటనే ఒక కంపెనీ బస్సు, దాని అద్దం పలిగి ఉన్నది. కింద రాత ఉరుకుతున్నది, ఐటీ బస్సు మీద రాళ్ల దాడి అని. వాన్ని లేపి అడిగిన. "నీళ్ల పాకెట్లమ్మా! లారీ మీద డప్పు కొట్టేటోళ్లకు నీళ్ల పాకెట్లు ఇసిరిన. బస్సు ఏంది, అద్దం ఏంది?" అన్నడు. నిజంగనే గచ్చిబౌలి దిక్కు ఎవరో ఒక బస్సు అద్దం పలగ్గొట్టిన్రట. మావోడు ఆ దిక్కే పోలే.

తెల్లారి పోలీసులొచ్చిన్రు. నా కొడుకు చేతుల పళ్లు తోముకునే బ్రష్షు ఉండె. మొకమన్న కడుక్కోనియ్యలే, పట్కపోయిన్రు. జీపు ఎనక ఉరికిన. ఎస్సై అన్నడు గదా, "టీవీల సాఫ్ కనబడుతుంది. అద్దం పగిలిన సప్పుడు మీరు ఇనలేదా? మేమేం జేస్తం?" అని.

నేను ఇంట్లకొచ్చి టీవీ ముందట కూలబడ్డ. జైలు ఒక దిక్కు. కేసున్నోన్ని ఆ కంపెనీ గేటు లోపలికి రానిస్తదా? నన్ను జరుగుమన్నట్టే వాన్ని గూడ జరుగుమంటది. నా కొడుకు బతుకు ఒక్క సప్పుడు మీద ఆగింది. టీవీవోడు మాత్రం ఆగలే, గదే ముక్క తిప్పి తిప్పి ఏస్తున్నడు. నేను టీవీని బండబూతులు తిడుతున్న. గప్పుడు మేడం మెట్ల మీదికెళ్లి దిగొచ్చి నా గడపల నిలబడ్డది.

"బుచ్చమ్మగారూ, కొంచెం సౌండ్ పెంచుతారా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నా కొడుకును గుంజకపోయిన్రు, నువ్వు సౌండ్ పెంచుమంటవా?" అన్న. ఆమె తొణకలే. తానే రిమోట్ తీస్కోని పెంచింది. పెంచి, టీవీ దిక్కు చూడకుంట కండ్లు మూసుకున్నది. మల్ల గా ముక్క వచ్చిందాక అట్లనే నిలబడ్డది. వచ్చింది. ఫళ్లుమన్నది. ఆమె గోడ పట్కోని మెల్లగ కుర్చీల కూసున్నది.

"అద్దం పగిలాక చివర్లో ఇంకో చప్పుడు ఉందండి. విన్నారా?"

నేను గూడ కండ్లు మూసిన. ఈపారి ఇన్న. అద్దం ముక్కలు పడ్డంక, సన్నగ, ఏదో దొర్లి దొర్లి ఆగింది. స్టీలు గ్లాసు కింద పడి దొర్లినట్టు. అరే, ఇది నేను ఇంతకుముందు గూడ ఇన్న! నేను రోజు చూసే సీరియల్ల అత్త కోపంతోని అద్దం పలగ్గొడ్తది, గప్పుడు గూడ గిదే దొర్లుడు. సినిమాల్ల గిదే దొర్లుడు. గిన్నొద్దులు నేను పట్టించుకోలే.

"రోడ్డు మీద బస్సు అద్దం పగిలితే స్టీలు గ్లాసు ఎక్కడినుంచి దొర్లుతుందండి?" అన్నది మేడం. టీవీ సౌండ్ తగ్గించి, "ఆ గ్లాసు నాదండి" అన్నది.

తిక్క ఉన్నదని నేను ముందే అనుకున్న గదా, ఇగ ఖాయమైంది అనుకున్న. ఆమె కూసోని చెప్పింది. కాలేజీకి రాకముందు ఆమె కృష్ణానగర్‌ల ఒక సౌండ్ థియేటర్ల పని చేసిందట. సినిమాల తలుపు మూసినా, గుర్రం ఉరికినా, చెంప దెబ్బ పడ్డా, ఆ సప్పుళ్లు అప్పుడు రావట, తర్వాత చీకటి గదిల కూసోని చేతులతోని, కాళ్లతోని చేస్తరట. ఒకపారి బండ మీద కిటికీ అద్దం పలగ్గొట్టింది. పలగ్గొట్టి ఎనకకు జరుగుతుంటె, కింద పెట్టిన చాయ్ గ్లాసు కాలికి తాకి దొర్లింది. మల్ల చేద్దామంటె సౌండ్ ఇంజనీరు, "బాగుందమ్మా, ఉండనీ. ఇంట్లో అద్దం పగిలితే ఏదో ఒకటి దొర్లుతుంది గదా" అన్నడట. గా సప్పుడు ఒకరికెళ్లి ఒకరికి పోయి, సినిమాలు, సీరియళ్లు, టీవీలు అందరి కాడికి చేరింది. ఎవరి అద్దం పలిగినా మా మేడం గ్లాసే దొర్లుతది.

నేను నోరు తెర్సుకోని చూసిన. మా మీది పోర్షన్‌ల ఉన్నది మనిషా, ఇంకేమన్ననా!

ఆమె మీదికి పోయి ఒక ఇనుప పెట్టె తెరిసింది. ఎనకనే నేను పోయిన. పెట్టెల మడత పెట్టిన నల్లకోటు ఉన్నది. "గిదేంది మేడం, నువ్వు వకీలువా?" అన్న. "ఒకప్పుడండి" అన్నది. అయితె ఏస్కో, పోదాం పా అన్న. ఆమె తల అడ్డంగ ఊపింది. "కాలేజీలో జీతం తీసుకుంటున్నాను కదండి, అది వేసుకునే హక్కు లేదు. చట్టం మాత్రం మర్చిపోలేదు" అన్నది. కోటును మల్ల మడత పెట్టి, దాని మీద చెయ్యి ఒక్కపారి రాసి, పెట్టె మూసింది. ఎందుకు ఇడ్సిపెట్టినవంటె, "ఆ రోజుల్లో ఆడపిల్ల వాదిస్తే జడ్జిలు గడియారం చూసేవారండి. నన్ను వినేవాళ్లెక్కడున్నారా అని వెతుక్కుంటూ పోయాను" అన్నది.

బస్సుల్లేవు గదా, ఆమె పాత స్కూటీ తీసింది. నేను ఎనక కూసున్న. గా వయసుల స్కూటీ ఎక్కుడు నాకు గదే మొదలు. ఆమె భుజం పట్కుంటె బొక్కలు తగిలినయి. గింత పల్చటి మనిషి నా కొడుకును ఎట్ల గుంజుకొస్తదిరా దేవుడా అనుకున్న.

ఠాణల ఆమె గొంతు లేపలే. బస్సు ఏ రోడ్డు మీద ఉండె, డ్రైవర్ ఎవరిని చూసిండు, పిల్లగాన్ని పట్కొచ్చినట్టు తల్లికి కాగితం ఇచ్చిన్రా, గివి అడిగింది. ఎస్సై ముందు కుర్చీల ఒరిగి కూసున్నడు. ఒక్కొక్క ప్రశ్నకు జర జర నిటారుగ అయిండు. లాస్టుకు "మీరెవరు మేడం?" అన్నడు. "వీళ్లింట్లో అద్దెకుంటానండి" అన్నది. గంతే చెప్పింది. నాకు ఓంకార్‌ను చూపెట్టిన్రు. వాడు "పొద్దుగాల పోలీసులు రాకముందే నౌకరిల చేరుమని మెయిల్ వచ్చిందమ్మా, దసరా తర్వాత సోమవారం" అని మెల్లగ చెప్పి తల దించుకున్నడు.

ఆడికెళ్లి టీవీ ఆఫీసుకు పోయినం. లోపలికి రానియ్యలే. మేడం ఎవరికో ఫోన్ చేసింది. రాబిన్ అని ఒక పిల్లగాడు ఉరుక్కుంట బయటికొచ్చిండు. ఆమె కాడ చదివినోడే. ఆడ ముక్కలు కత్తిరించి అతికించేది వాడే. మేడంను చూస్తుంటెనే వాని మొకం తెల్లగైంది.

"రాబిన్, అసలు టేపు కావాలి."

"లేదు మేడం. మా దగ్గర టేపులు తక్కువ. అదే టేపు మీద ఇయ్యాల పొద్దుగాల ఇంకో ధర్నా షూట్ చేసిన్రు. పాతది పోయింది" అన్నడు. తర్వాత ఎటో చూసుకుంట, "విజువల్ సప్పగ ఉన్నది, సౌండ్ ఎయ్యి అన్నరు. ఏసిన. గిట్ల అయితదనుకోలే. నేను చెప్పిన్నని తెలిస్తె నౌకరి పోతది మేడం" అన్నడు.

నాకైతె వాని చెవు మెలేయాలనిపించింది. మేడం మాత్రం "నువ్వేమీ చెప్పక్కర్లేదు నాన్నా. నా గ్లాసు చెబుతుంది. కానీ నేను నేర్పింది ఇది కాదు" అన్నది. పిల్లగాడు ఏడ్సుకుంట లోపలికి పోయిండు. తిడితె గంత తగలకపోవు.

కృష్ణానగర్ గల్లీల ఆ సౌండ్ ఇంజనీరు వెంకటరామయ్య ఇల్లు దొరికింది. ముసలాయన, సగం చెవుడు. మేడంను చూసి, "అద్దాలమ్మాయీ!" అన్నడు. ఆయన థియేటర్ మూతపడ్డది గని, సప్పుళ్లు ఎక్కించిన టేపు చక్రాలు మంచం కింద డబ్బాల్ల దాచిండు. పెండ్లాం ఎన్నిమార్లు పారెయ్యమన్నా పారెయ్యలేదట. పెద్ద మిషన్ మీద చక్రం ఎక్కించి, చెవులకు డిప్పలు పెట్టుకోని ఇన్నడు, మేడంకు పెట్టిండు. ఆమె ఇనుకుంట గొంతు మీద చెయ్యి పెట్టుకున్నది. కండ్లల్ల నీళ్లొచ్చినయి. ఏమైంది మేడం అంటె "ఏం లేదండి, మర్చిపోయాను, నాదే" అన్నది. గ్లాసు సంగతి అనుకున్న. నాకు ఇనిపియ్యలే. ఒక సీడీల ఎక్కించి ఇచ్చిండు.

ఉద్యమం పిల్లగాళ్ల కేసులు పైసలు తీస్కోకుంట వాదించే వకీలు రామచంద్రం సారు మా కేసు పట్టిండు. రెండొద్దులకు బెయిలు మాట కోర్టుకొచ్చింది. నేను ఎనక బెంచీ మీద కూసున్న. ఓంకార్‌ను తెచ్చి పక్కకు నిలబెట్టిన్రు. గడ్డం మాసి ఉన్నది.

సర్కారు వకీలు లేసి, "టీవీలో మొత్తం రాష్ట్రం చూసింది సార్. నిప్పు లేనిదే పొగ రాదు" అన్నడు. రామచంద్రం సారు మేడం సంగతి చెప్పి, ఆమెను జడ్జి ముందటికి పిలిపిచ్చిండు. ఆమె పోయి చేతులు కట్టుకోని నిలబడ్డది.

"పొగ సినిమావాళ్లు మిషన్‌తో కూడా వదులుతారండి" అన్నది.

జడ్జి కండ్లద్దాలు సర్దుకోని చూసిండు. "మీరేం చేస్తారు?"

"కాలేజీలో లెక్చరర్‌నండి."

"ఈ శబ్దాల సంగతి మీకెలా తెలుసు?"

"అంతకుముందు సినిమాల్లో శబ్దాలు చేసేదాన్నండి."

"అంతకుముందు?"

"రేడియోలో చదివేదాన్నండి. సినిమా పని మొదలుపెట్టాక కూడా, గొంతు ఆపరేషన్ అయ్యేదాకా."

జడ్జి కలం కింద పెట్టిండు. "అంతకుముందు కూడా ఏమైనా ఉందా?"

"ఉందండి. ఇలాంటి కోర్టులోనే, ఆయన నిలబడ్డ చోట, నల్లకోటు వేసుకుని నిలబడేదాన్ని" అని రామచంద్రం సారు దిక్కు చూపెట్టింది.

నా నెత్తి మీద, నా పైకప్పు మీద, నాలుగు బతుకులు నడుస్తున్నయి గిన్నొద్దులు! నేను చీపురు కట్టెతోని కొట్టింది గీ మనిషినా?

"ముందు చప్పుడు తీసేసి చూడండి" అన్నది మేడం. రామచంద్రం సారు లాప్‌టాప్ జడ్జి ముందట పెట్టి, సౌండ్ బంద్ చేసి, టీవీ ముక్క ఏసిండు. అందరం మెడలు చాపి చూసినం. ఓంకార్ చెయ్యి లేపిండు, ఇసిరిండు. బొమ్మ మూలకు, పైన, లారీ మీదికెళ్లి రెండు చేతులు చాపి దాన్ని పట్టుకున్నయి. పట్టుకున్నది సాఫ్ కనబడుతున్నది. ఎండకు తళుక్కుమన్నది, నీళ్ల పాకెట్టు. ఎంటనే బస్సు బొమ్మ. గా రెండు చేతులు టీవీల ఎన్నిమార్లు వచ్చినయో, నేను ఒక్కపారి చూడలే. సప్పుడు ఇంటుంటె కండ్లు పనిచెయ్యలే. సప్పుడు తీసేస్తె కండ్లొచ్చినయి. దేవుడా, గంత సిన్న ఉపాయం! గుడ్డోనికి చూపొచ్చినట్టయింది నాకు.

"పట్టుకున్న రాయి అద్దాన్ని ఎలా పగలగొడుతుందండి?" అని అడిగింది మేడం. సర్కారు వకీలు, "అయితే ఆ అద్దం శబ్దం రోడ్డు మీది కాదని రుజువేంటి?" అన్నడు. రామచంద్రం సారు టీవీ ముక్కను సప్పుడుతోని ఏసి, తర్వాత మా సీడీ పెట్టిండు.

ముందు గరగర. తర్వాత ఒక ఆడమనిషి గొంతు. నిమ్మళంగ, సాఫుగ, పాలు పొంగినట్టు. "అద్దం పగలడం. మూడోసారి." తర్వాత ఫళ్లున అద్దం, ముక్కలు పడుడు, గ్లాసు దొర్లి దొర్లి ఆగుడు. అచ్చం టీవీల ఇన్నదే. అందరికి తెల్సిపోయింది.

నాకు మాత్రం అద్దం ఇనబడలే, గ్లాసు ఇనబడలే. గా గొంతు కాడనే నేను ఆగిపోయిన. నాకు తెల్వకుంటనే లేసి నిలబడ్డ.

"గామె వానామె!" అన్న.

జడ్జి సారు కూసోమన్నడు. కూసున్న. మీకు ఎట్ల చెప్పాలె? మా చెల్కల మోటరు కొట్టంల మొలకు రేడియో ఏలాడేది. పొద్దుగాల ఒకామె వాన కబురు, గింజల ధరలు చెప్పేది. పేరు చెప్పకపోయేది. మా ఆయన వానామె అని పేరు పెట్టిండు. "వానామె ఏమన్నదే?" అని అడిగినంకనే నాగలి కట్టేది. ఓంకార్ పుట్టిన పొద్దు గూడ రేడియో మోగుతున్నది. నొప్పుల్ల నేను అరుస్తుంటె, మంత్రసాని చెన్నమ్మ రేడియో బంద్ చేయుమన్నది. నేనే వద్దన్న. గా గొంతు పట్కోని నేను నొప్పులు ఓర్చుకున్న. నా కొడుకు భూమ్మీద పడ్డప్పుడు వాని చెవుల పడ్డ మొదటి మాట ఆమెదే. కొన్నేండ్లకు గా గొంతు రాకుంట అయింది. పెండ్లి చేస్కోని పోయిందేమో అనుకున్నం. మా చెల్క పోయింది, రేడియో పోయింది, మా ఆయన పోయిండు. గా గొంతు ఎటూ పోలే. పల్గిపోయి, గరగరమని, నా ఇంటి మీదికే వచ్చి కిరాయికున్నది.

జడ్జి బెయిలు ఇచ్చిండు. ఆ బొమ్మను, ఆ సప్పుడును మల్ల పరీక్ష చెయ్యాలని పోలీసులకు గట్టిగ చెప్పిండు. తర్వాత ఓంకార్ పేరు కేసుల నుంచి తీసేసిన్రు, సోమవారం కంటె ముందే. నా కొడుకు మెడల కార్డు ఏసుకోని మా చెల్కల అడుగు పెట్టిండు. గేటు కాడ నేను నిలబడి చూసిన. ఈపారి నన్ను ఎవ్వరు జరుగుమనలే.

బెయిలొచ్చిన దినం కోర్టు బయట మేడం ఒక్కతే స్కూటీ కాడ నిలబడి ఉండె. పోయి ఆమె రెండు చేతులు పట్కున్న.

"వాన కబురు చెప్పింది నువ్వేనా మేడం?"

ఆమె సిగ్గుపడ్డట్టు నవ్వింది. "నేనేనండి. చాలాసార్లు తప్పు చెప్పాను."

"గది మాకు ఎరికే. మా ఆయన నిన్ను తిట్టని వానకాలం లేదు" అన్న. ఇద్దరం నవ్వినం. నవ్వుకుంటనే నేను ఏడ్చిన. "పొద్దుగాల పేపర్ ఎందుకు చదువుతవు?" అని అడిగిన. "చదవకపోతే ఉన్న గొంతు కూడా మూసుకుపోతుందన్నారండి డాక్టర్లు. పాఠం చెప్పాలి కదా" అన్నది. నేను చీపురు సంగతి ఎత్తలే. ఆమె గూడ ఎత్తలే.

తెల్లారి మీదికెళ్లి మల్ల గరగరమని మొదలైంది. నేను చాయ్ పట్కోని మెట్ల మీద కూసున్న. ఓంకార్ టవల్ భుజం మీదేస్కోని వచ్చి, "ఏం జేస్తున్నవమ్మా గీడ?" అన్నడు. "కూసోరా. నువ్వు పుట్టిన పొద్దు ఇన్న గొంతు, ఇను" అన్న. వాడు నా పక్కన కూసున్నడు. మీద మేడం నిన్నటి పేపర్ తిరగేస్తున్నది. నగరంల ఇయ్యాల ఒకటి రెండు జల్లులు పడొచ్చని చదివింది.

"అది నిన్నటి పేపరమ్మా" అన్నడు ఓంకార్.

"నోర్మూసుకోని మీద ఆరేసిన బట్టలు తీస్కరా పో" అన్న. వాడు పోయి అన్ని తీస్కొచ్చిండు. వాన రాలే.